తలుపు పక్క బల్ల

గ్రౌస్ బెండ్ కాలనీ, అల్బెర్టా
జూన్ 6

అక్కా,

నీ ఉత్తరం అందింది. తెచ్చిచ్చింది యాకోబ్ బాబాయే. మన క్రైస్తవ సంఘం కాలనీకి వచ్చే ఉత్తరాలన్నీ ముందు సంఘపెద్దగా ఆయన ఇంటికే కదా చేరేది. ఆయన కవరు చింపడు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ దాన్ని రెండు వేళ్ళతో పట్టుకొచ్చాడు, చచ్చిన ఎలుకను తోక పట్టుకుని తెచ్చినట్టు. "కాల్గరీ నుంచి" అన్నాడు, అంతే. సంఘం వదిలి వెళ్ళినవాళ్ళ పేరు పలకకూడదని మన నియమాల్లో ఎక్కడా లేదు. సొంత అన్న కూతురి పేరు మింగెయ్యడం ఆయన సొంత తెలివి.

ఎలా ఉన్నావని అడిగావు. నేను బాగానే ఉన్నాను. క్యాబేజీ చచ్చిపోయింది.

నవ్వకు. ఒక మొక్కా రెండు మొక్కలా? ఉప్పులో ఊరబెట్టుకుని చలికాలమంతా కాలనీ మొత్తం ఒకే భోజనశాలలో తినాల్సిన పుల్ల క్యాబేజీ అది. ఈ ఏడు పీపాలన్నీ ఖాళీగా కూర్చుంటాయి. పక్క కాలనీ వాళ్ళు జాలిపడి పంపితే తినాలి. ఆ జాలి ఎంత పుల్లగా ఉంటుందో నీకు తెలుసు.

జరిగింది చెబుతాను. మన జర్మన్ బడి పంతులు ఆండ్రియాస్ చేతిలోనే ఇప్పుడు కూడా తోట పెత్తనం. పక్క కాలనీలో ఇంకా నాట్లు మొదలుపెట్టలేదని ఎవరో ఆయన చెవిలో వేశారు. ఇంకేం, మనం ముందు నాటెయ్యాలన్నాడు. ఆ రోజు ఆకాశం కడిగినట్టుంది. సాయంత్రానికి గాలి పడిపోయింది. అలాంటి రాత్రి మంచు పడుతుందని తొట్టెలో పిల్లకు కూడా తెలుసు. వంటశాల పెద్ద బార్బరా అత్త, చలి వచ్చే ముందు నొప్పెట్టే ఆ మోకాళ్ళు రుద్దుకుంటూనే ఉంది. అయినా ఆడవాళ్ళమంతా వరసల్లో మోకాళ్ళ మీద కూర్చుని, కీర్తనలు పాడుకుంటూ నాటాం. మంచు మాట ఒక్కరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఇంకోటి. తోట షెడ్డులో గోనెసంచులు నిండా ఉన్నాయి. వాటిని మొక్కల మీద కప్పితే సగమైనా దక్కేవి. షెడ్డు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది? నా ఏప్రన్ జేబులో. భోజనాలయ్యాక షెడ్డు దాకా వెళ్ళాను. తాళంచెవి చేతిలో పట్టుకుని నిలబడ్డాను. తలుపు తీస్తే "తీయమని ఎవరు చెప్పారు?" అని అడుగుతారు. ఎవరూ చెప్పలేదు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేక వెనక్కి వచ్చేశాను.

తెల్లారేసరికి ఆకులన్నీ ఉడకబెట్టినట్టు నల్లగా వాలిపోయాయి. అందరం చేలో నిలబడ్డాం. సంఘపెద్దను అడిగే నాటించానన్నాడు ఆండ్రియాస్. దేవుడి చిత్తం అన్నాడు బాబాయి. నాటమన్నారు, నాటాం అన్నారు ఆడవాళ్ళు. అందరూ నిజమే చెప్పారు అక్కా. అదే నన్ను తినేస్తోంది. ఇంతమందిమి కలిసి ఒక పొలాన్ని చంపాం, చంపినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.

నీ చెల్లెలు
జస్టీనా

*

కాల్గరీ
జూన్ 15

జస్టీనా,

నీ క్యాబేజీకి నా సంతాపం. ఇప్పుడు నా మాట విను. బయటికి వచ్చెయ్.

నీకు ముప్ఫై దాటాయి. గోనెసంచి తియ్యడానికి కూడా ఎవరో చెప్పాలా? అది చదివి నాకు ఒళ్ళు మండింది. ఇక్కడ నా గదికి నాదే తాళం. నేను తీస్తే తెరుచుకుంటుంది, వేస్తే మూసుకుంటుంది. కిటికీకి ఎర్ర పరదా కట్టాను. ఎర్రది! బార్బరా అత్త చూస్తే అక్కడికక్కడే పడిపోతుంది. పొద్దున ఏం తినాలో నేనే అనుకుంటాను. ఆదివారం ఎప్పుడు లేవాలో నేనే అనుకుంటాను. మనిషికి తిండి ఎంత అవసరమో ఇదీ అంతే అవసరం అని ఇక్కడికి వచ్చాకే తెలిసింది. ఆకలి వేస్తున్నట్టు కూడా తెలియనంత ఆకలితో పెరిగాం మనం.

నేను పనిచేసే ఆసుపత్రి లాండ్రీలో మనుషులు కావాలి. దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ యంత్రంలో పెట్టడం. నీ చేతులకు అదొక పనే కాదు. నా గదిలో ఇంకో మంచం పడుతుంది. తలగుడ్డ కట్టుకునే రా, ఎవరూ ఏమీ అనరు. కావాలంటే తీసెయ్, అప్పుడూ ఎవరూ ఏమీ అనరు.

డోరతియా

*

గ్రౌస్ బెండ్
జూన్ 27

అక్కా,

నీ ఎర్ర పరదాకు జోహార్లు. మరి రాత్రి భోజనం ఎవరితో చేస్తున్నావు? అది రాయలేదేం? వేసవికి ముందు రాసిన ఉత్తరంలో స్టవ్ దగ్గర నిలబడే సూప్ తాగేస్తున్నానని రాశావు, నేను మర్చిపోలేదు. ఏం తినాలో నువ్వే అనుకుంటున్నావు సరే, "ఇంకాస్త వేసుకోవే" అనేవాళ్ళు ఉన్నారా?

కోపం తెచ్చుకోకు. నువ్వు చెప్పిన ఆకలి నాకు అర్థమైంది. కానీ మనిషికి ఆకలి అదొక్కటే కాదు. ఒకరి మాట మనసారా వినాలన్న ఆకలి కూడా ఉంటుంది. నాకుంది. గంట కొట్టగానే అందరితో పాటు లేవడం, ఒకే కీర్తన అందరం ఎత్తుకోవడం నాకిష్టం. ఎవరో మెడ వంచి చేయిస్తున్నట్టు నాకెప్పుడూ అనిపించలేదు. ఇంకో ఆకలి ఉంది. చెడిపోయినదాన్ని చూపించి "ఇది నాది" అనుకోవాలన్నది. ఆ ఆకలి నాకు క్యాబేజీ చచ్చిపోయిన రోజే మొదలైంది. అప్పట్నుంచి తిండి సయించడం లేదు.

అందుకే బాబాయి దగ్గరికి వెళ్ళాను. సంఘం ముందు తప్పు ఒప్పుకోవడానికి అనుమతి ఇమ్మన్నాను. మన దగ్గర ఉన్న పద్ధతే కదా. తప్పు చేసినవాడు ప్రార్థనలో నిలబడి చెబుతాడు, శిక్ష పడుతుంది, శిక్ష తీరాక చేయి కలిపి లోపలికి తీసుకుంటారు. కుర్రాళ్ళు దొంగచాటుగా రేడియో విన్నందుకే నిలబడుతున్నారు. పొలం పొలమే పోతే నేను నిలబడకూడదా?

ఆయన గడ్డం నిమురుకున్నాడు.

"పిల్లా, నీకు చెప్పిన పని నువ్వు చేశావు. చెప్పిన పని చేసినవాళ్ళ మీద తప్పుండదు" అన్నాడు.

"మరి ఎవరి మీద ఉంటుంది బాబాయ్?"

"ఆండ్రియాస్ నన్నడిగాడు. నేను ప్రార్థన చేశాను."

"మంచు పడుతుందని దేవుడు మీకు చెప్పలేదా?"

"ఆయన ఎవరికి ఏం చెబుతాడో మనకేం తెలుసు."

"నాకు చెప్పాడు బాబాయ్. బార్బరా అత్తకు మోకాళ్ళలో చెప్పాడు. మీరు మమ్మల్ని అడగలేదు, మేం చెప్పలేదు. చెప్పకపోవడం నా తప్పు. తాళంచెవి జేబులో పెట్టుకుని వెనక్కి రావడం నా తప్పు."

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. నాన్న పోయాక మనిద్దర్నీ ఆ ఇంట్లోనే పెంచాడు కదా, నా ముఖం చూస్తే ఆయనకు అన్నీ తెలిసిపోతాయి.

"ఇవాళ తప్పు నాదంటావు. రేపు నిర్ణయం నాదంటావు" అన్నాడు.

"అవును బాబాయ్. అందుకే."

కుదరదన్నాడు. ఇంటికెళ్ళి బఠానీలు ఒలవమన్నాడు. వెళ్ళి ఒలిచాను. ఒక బుట్టెడు ఒలిచేదాకా ఏడుస్తూనే ఉన్నాను, బాధతో కాదు, మంటతో.

జస్టీనా

*

కాల్గరీ
జులై 9

ఒసేయ్ పిచ్చిదానా,

జైల్లో ఉన్నవాడు తలుపు తియ్యమని అడుగుతాడు. నువ్వు ఇంకో తాళం వెయ్యమని అడుగుతున్నావు. అదీ బతిమాలి! చదివి ముందు నవ్వాను, తర్వాత ఆ కాగితాన్ని ఉండచుట్టి విసిరేశాను. మళ్ళీ తీసి సాపు చేశాను, అది వేరే సంగతి.

వాళ్ళ ముందు నిలబడటం అంటే ఏమిటో నీకు తెలియదు, నాకు తెలుసు. నర్సు చదువు చదువుతానని అడిగినందుకు నన్ను నిలబెట్టారు. అడగడమే గర్వం అన్నారు. తల వంచుకుని క్షమించమన్నాను. ఆ మర్నాడే వెళ్ళిపోయాను. తీరా వచ్చాక ఆ చదువు చదవనూ లేదు, అది కూడా నా ఖర్మ, నేనే మోస్తున్నాను, ఎవరికీ చెప్పుకోను.

అమ్మ పోయినప్పుడు వచ్చాను, గుర్తుందా? అప్పుడు నీకు టైఫాయిడ్, మంచం మీద ఉన్నావు. భోజనశాలలో ఏం జరిగిందో నీకెవరూ చెప్పి ఉండరు. అందరూ వయసు ప్రకారం బల్లల దగ్గర కూర్చున్నారు. నాకు తలుపు పక్కన, చేతులు కడుక్కునే తొట్టి దగ్గర, చిన్న బల్ల వేశారు. ఒక కుర్చీ, ఒక పళ్ళెం. బాప్తిస్మం తీసుకుని వదిలి వెళ్ళినవాళ్ళతో కలిసి తినకూడదు కదా. వచ్చేపోయేవాళ్ళంతా నన్ను ఒరుసుకుంటూ వెళ్ళారు, ఒక్కరూ చూడలేదు. అమ్మను పూడ్చి వచ్చి అక్కడ కూర్చుని నూడుల్స్ సూప్ తాగాను. ఆ బల్ల దగ్గర మళ్ళీ కూర్చోనని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. ఇన్నేళ్ళుగా నేను రానిది అందుకే. తీరిక లేదని నీకు రాసిందంతా అబద్ధం.

అలాంటి బల్లను నువ్వు కోరి వేయించుకుంటావా? వద్దు జస్టీనా. కావాలంటే కాళ్ళు పట్టుకుంటాను, వద్దు.

డోరతియా

*

గ్రౌస్ బెండ్
జులై 23

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ బల్ల సంగతి నాకు తెలియదు. తెలిస్తే మంచం దిగి, పాక్కుంటూ అయినా వచ్చేదాన్ని. ఇది ఉత్తి మాట కాదు.

నువ్వు వద్దన్నావు. బాబాయీ వద్దన్నాడు. మీరిద్దరూ ఒకే మాట మీద ఉండటం ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి అనుకుంటాను. పోయిన వారం ఒక సాయంత్రం ప్రార్థనలో లేచి నిలబడ్డాను.

ఎవరూ పిలవలేదు. మగవాళ్ళ వరసలు ఒకవైపు, మావి ఇంకోవైపు. బాబాయి ప్రసంగం ముగించి పుస్తకం మూస్తున్నాడు. "క్యాబేజీ పోవడానికి కారణం నేను. మంచు పడుతుందని తెలిసి నాటాను. సంచులు ఉండీ కప్పలేదు. నాకు ఎవరూ చెప్పలేదన్నది సాకు, కారణం కాదు. శిక్ష వెయ్యండి" అన్నాను. అంతే అన్నాను. బెంచీలు కిర్రుమన్నాయి. ఆండ్రియాస్ పంతులు ముఖం బీట్‌రూట్ అయింది. నేను ఆయన పేరు ఎత్తనేలేదు, అయినా అయింది.

మర్నాడు పెద్దలు కూర్చుని తీర్పు చెప్పారు. క్యాబేజీ విషయంలో నా తప్పేమీ లేదట. పిలవకుండా మాట్లాడటం తప్పట. మాట్లాడినందుకు పశ్చాత్తాపం చెప్పేదాకా విడిగా కూర్చోవాలి, విడిగా తినాలి. కోతలు అయ్యేలోగా చెప్పకపోతే సంఘం నుంచి వెలి.

నీ బల్లే అక్కా. తలుపు పక్కది, తొట్టి దగ్గరది. ఒక కాలు పొట్టి, సూప్ ఒలుకుతుంది. కాలి కింద చెక్కముక్క పెట్టుకున్నాను.

శిక్ష ఒప్పుకున్నాను. రోజూ అక్కడే కూర్చుంటున్నాను, వాళ్ళు చెప్పినట్టే. నేను తింటున్నది క్యాబేజీ శిక్ష. వాళ్ళు దానికి ఏ పేరైనా పెట్టుకోనీ. పశ్చాత్తాపం మాత్రం చెప్పను. ఇక్కణ్ణుంచి పారిపోను కూడా. నువ్వు వెళ్ళావు, దానికి గుండె కావాలి, కాదనను. కానీ నువ్వు తలుపు తీసుకుని వెళ్ళిపోయాక ఆ తలుపు మళ్ళీ మూసుకుంది. నేను గుమ్మంలోనే కూర్చుంటాను. ఎలా మూస్తారో చూస్తాను.

జస్టీనా

*

కాల్గరీ
ఆగస్టు 8

జస్టీనా,

ఇన్ని రోజులు రాయలేదు. కోపం వచ్చింది. "తలుపు మూసుకుంది" అన్న మాట గుచ్చుకుంది. నేను వెళ్ళకపోతే చచ్చిపోయేదాన్ని. ఆ మాట నువ్వు ఎప్పటికైనా ఒప్పుకోవాలి.

ఇంకో కారణం కూడా ఉంది. నీకు నా తాళం గురించి, పరదా గురించి రాశాను గానీ లాండ్రీ గురించి ఎప్పుడూ సరిగ్గా రాయలేదు. మా ఇస్త్రీ యంత్రంలో రెండు పెద్ద రోలర్లు కాలుతూ తిరుగుతుంటాయి. చేతులు లోపలికి పోకుండా ముందు ఒక కమ్మీ ఉంటుంది. చెయ్యి తగిలితే యంత్రం ఆగిపోతుంది. మాటిమాటికీ ఆగుతోందని మా సూపర్‌వైజర్ డెనీస్ దాన్ని తీగతో పైకి కట్టించింది. కట్టింది నేనే. కట్టమంది, కట్టాను. నా పక్కన లిగాయా అని ఒక పిల్ల పనిచేస్తుంది, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చింది. ఆ పిల్ల వేళ్ళు రోజూ ఆ రోలర్ల అంచుదాకా వెళ్ళి వస్తుంటాయి. నేను చూస్తూనే ఉన్నాను. అడిగేవాళ్ళకు జవాబు కూడా సిద్ధంగా పెట్టుకున్నాను: నాకు చెప్పిన పని నేను చేశాను.

నీ మొదటి ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. అదే మాట! కాలనీలో వదిలేసి వచ్చాననుకున్నాను, ఏప్రన్ జేబులో పెట్టుకుని ఇక్కడికి తెచ్చుకున్నాను. నా గది తాళం ఒక్కటే నాది జస్టీనా. పొద్దున గది దాటితే నేనూ వరసలో మోకాళ్ళ మీద కూర్చున్నదాన్నే. మీకు అక్కడ కీర్తన అయినా ఉంటుంది.

ఇప్పుడు ఏం చెయ్యాలో తెలియడం లేదు. ఉద్యోగం పోతే గది పోతుంది. నువ్వెలా ఉన్నావో రాయి. తింటున్నావా?

డోరతియా

*

గ్రౌస్ బెండ్
ఆగస్టు 19

అక్కా,

నువ్వు వెళ్ళకపోతే చచ్చిపోయేదానివి. ఒప్పుకుంటున్నాను. ఇన్నేళ్ళు ఆలస్యంగా ఒప్పుకున్నందుకు నన్ను కూడా నిలబెట్టు.

తీగ సంగతి నువ్వే తేల్చుకోవాలి. నేను చెయ్యమంటే అది మళ్ళీ "చెల్లెలు చెప్పింది, చేశాను" అవుతుంది.

తింటున్నావా అని అడిగావు. విను. మొదటి వారం చాలా కష్టమైంది. అందరూ నన్ను ఒరుసుకుంటూ వెళ్ళేవాళ్ళు, నువ్వు రాసినట్టే. చిన్నప్పుడు నేను జడలు వేసిన పిల్లలు కూడా ముఖం తిప్పుకుని వెళ్ళారు. ఒక సాయంత్రం బాబాయి తలుపు దగ్గర ఆగాడు. "ఒక్క మాట చెప్పెయ్యవే, పెద్ద బల్ల దగ్గరికి వచ్చెయ్. నిన్ను వెలివేసే చెయ్యి నాదే అవుతుంది" అన్నాడు. ఆయన కళ్ళు నిండి ఉన్నాయి. "అవును బాబాయ్, అది మీదే అవుతుంది. దేవుడి మీదికి నెట్టకండి" అన్నాను. అన్నాక నా కళ్ళూ నిండాయి. నన్ను పెంచిన మనిషి. ఆయనకు అలా చెప్పడం కంటే పొలమంతా ఒక్కదాన్నే తవ్వడం తేలిక.

మంగళవారం మధ్యాహ్నం బాతుకూర. అందరూ కూర్చున్నారు, ప్రార్థన అయింది. వంటశాల తలుపు తోసుకుని బార్బరా అత్త బయటికి వచ్చింది, తన పళ్ళెం తనే పట్టుకుని. ఆవిడకు నేనంటే ఎప్పుడూ పడదని నీకు తెలుసు. నేను ఉల్లిపాయలు లావుగా తరుగుతానని పదేళ్ళుగా సణుగుతోంది. నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చి, బెంచీ ఒకటి కాలితో లాక్కుంది.

"జరుగు" అంది.

"అత్తా, ఇక్కడ కూర్చుంటే నిన్ను కూడా..."

"జరగమన్నాను."

కూర్చుంది. ఆవిడ ఎముక ఒకటి తీరిగ్గా చీకి పక్కన పెట్టింది. "ఆ రోజు నా మోకాళ్ళు నొప్పెట్టాయి. నోరు మూసుకున్నాను. ఇది నా చోటే" అంది, అందరికీ వినపడేలా. తర్వాత మగవాళ్ళ వైపు తిరిగి, "నన్ను ఇక్కణ్ణుంచి లేపితే రేపట్నుంచి వంట మీరే చేసుకోండి" అంది. నా వైపు తిరిగి, బాతుకూరలో ఉల్లిపాయలు చూశావా, అలా తరగాలి అంది.

అక్కా, ఆ ఒక్క ముద్ద తిన్నట్టు ఈ వేసవిలో ఏదీ తినలేదు.

ఇప్పుడు రోజూ ఇద్దరం. పెద్దలు మళ్ళీ కూర్చుంటారట. కోతలు సగం అయ్యాయి. ఏం తేలుస్తారో తెలియదు. నేను మాత్రం ఇక్కడే ఉంటాను.

జస్టీనా

*

కాల్గరీ
ఆగస్టు 28

జస్టీనా,

తీగ కోసేశాను. సోమవారం పొద్దున, పని మొదలవక ముందు, అందరూ చూస్తుండగా. డెనీస్ వచ్చి కొయ్యమని ఎవరు చెప్పారంది. ఎవరూ చెప్పలేదు, కట్టింది నేను, కోసింది నేను అన్నాను. ఆ ప్రశ్నకు జవాబు అంత చిన్నదని నాకు ఇన్నేళ్ళూ తెలియదు. మళ్ళీ కట్టమంది. నా చేత్తో కట్టనన్నాను. తనే కడుతుందేమోనని కమ్మీ దగ్గరే నిలబడ్డాను. లిగాయా కూడా యంత్రం వదిలేసి, చేతులు కట్టుకుని నా పక్కన నిలబడింది. డెనీస్ కమ్మీ మీద చెయ్యి వెయ్యలేదు. నన్ను మాత్రం పై ఆఫీసువాళ్ళు తేల్చేదాకా ఇంటికి పొమ్మంది.

కాబట్టి నాకు ఇప్పుడు తీరికే తీరిక. ఈసారి అబద్ధం కాదు.

ఆదివారం బస్సుకు వస్తున్నాను. హైవే మలుపు దగ్గర దిగి నడిచి వస్తాను, ఎవర్నీ పంపకు. తలకు గుడ్డ కట్టుకోను. బాబాయికి ముందే చెప్పు, నా పేరు పెట్టి చెప్పు. పెద్ద బల్ల దగ్గర నాకు చోటు లేదని ఆయన గుర్తు చెయ్యక్కర్లేదు. నేను దానికోసం రావడం లేదు.

మీ బల్ల మీద ఇంకో పళ్ళెం పెట్టు. బార్బరా అత్తను కాస్త జరగమను.

డోరతియా